తెగులు కాలమందు కాపరి
మార్టిన్ లూథరు వ్రాసిన యొక లేఖను గూర్చిన పరిశీలన

ధ్యాన భాగములు: యోహాను 10:11–15, మత్తయి 25:31–46, లూకా 13:1–5



ఆపద వచ్చినప్పుడు మనుష్యుని మనస్సులో మొదట పుట్టు ప్రశ్న “నేనేమగుదును?” అనునది. తన ప్రాణమును కాపాడుకొన గోరుట పాపము కాదు. సృష్టికర్తయే ఆ కోరికను జీవులలో నుంచెను. అయితే ఆ ప్రశ్న వెంటనే రెండవ ప్రశ్న పుట్టవలెను: “నేను వెళ్లిపోయినయెడల నా ప్రక్కనున్నవాడేమగును?” మొదటి ప్రశ్న నడిగి రెండవ దానిని మరచువాడు స్వార్థపరుడు. రెండవ ప్రశ్నను నోట పలుకుచు మొదటి దానిని గుండెలో దాచుకొనువాడు వేషధారి. ఈ రెండు ప్రశ్నలను దాచక దేవుని యెదుట బెట్టి, నిదానముగా తూచి చూచిన చిన్న పుస్తకమొకటి మన సంఘ చరిత్రలో నున్నది. అది మార్టిన్ లూథరు 1527వ సంవత్సరమున వ్రాసిన లేఖ. మరణకరమైన తెగులు వచ్చినప్పుడు క్రైస్తవుడు పారిపోవచ్చునా అనునదే అందలి విషయము.

లూథరు పేరు మనకు క్రొత్తది కాదు. 1842లో హయ్యరు దొరగారు గుంటూరు వచ్చినది మొదలు ఆ పేరు తెలుగు పల్లెలలో వినబడుచునే యున్నది. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘము ఏర్పడెను. అయినను లూథరనగానే మనవారికి చిన్న ప్రశ్నోత్తరియు, సంస్కరణ పండుగయు జ్ఞాపకము వచ్చును గాని ఈ లేఖ జ్ఞాపకము రాదు. ఏ సంఘమునకు చెందినవారైనను దీనిలోని బలమును, లోపమును తెలిసికొనుట మేలు. గొప్పవారి వ్రాతలను కన్నులు మూసికొని మ్రొక్కుటకు గాక, వాక్యపు వెలుగులో పరీక్షించి మేలైనదానిని చేపట్టుటకే చదువవలెను.

లేఖ పుట్టిన విధము

బ్రెస్లౌ అను పట్టణములో యోహాన్ హెస్ అను కాపరి యుండెను. ఆ పట్టణము నేడు పోలండు దేశములో నున్నది. తెగులు వచ్చినప్పుడు మేము నిలువవలెనా, వెళ్లవచ్చునా అని ఆయనయు, తోటి కాపరులును లూథరును పలుమారులు అడిగిరి. లూథరు వెంటనే ప్రత్యుత్తరము వ్రాయలేదు. చివరకు వ్రాసినప్పుడు తెగులు ఆయన సొంత గుమ్మములోనే నిలిచియుండెను.

1527 ఆగస్టు నెలలో విట్టెన్‌బర్గు పట్టణమున ప్లేగు బయలుదేరెను. ఆ దేశపు ప్రభువు లూథరును, తక్కిన ఉపాధ్యాయులను యేనా పట్టణమునకు వెళ్లవలసినదని ఆజ్ఞాపించెను. విశ్వవిద్యాలయము తరలిపోయెను, లూథరు కదలలేదు. పట్టణ సంఘకాపరియైన బూగెన్‌హాగెనును, ఇద్దరు సహాయకులును ఆయనతో నిలిచిరి. పట్టణపు పెద్ద యొకని భార్య దాదాపు లూథరు చేతులలోనే ప్రాణము విడిచెను. సహాయక కాపరి భార్య, బూగెన్‌హాగెనుకు సహోదరి, ప్రసవ సమయమున తెగులుతో చనిపోయెను. అంతట బూగెన్‌హాగెను తన కుటుంబముతో లూథరు ఇంటికి వచ్చి చేరెను. ఆ ఇల్లు రోగులుండు వైద్యశాలవలె మారెను.

ఆ దినములలో లూథరు భయమెరుగని వీరుడని తలంచవద్దు. ఆ జూలై 6వ తేదీన ఆయన తానే సొమ్మసిల్లి మరణమునకు సమీపించెను. తరువాతి నెలలన్నియు ఆయన మనస్సు దిగులుతో పోరాడుచుండెను. భార్య కాథరీనా గర్భవతి. చిన్న కుమారుడు హన్స్ జబ్బుపడెను. డిసెంబరు 10న ఎలిసబెతు అను కుమార్తె పుట్టెను. ఆ పసిబిడ్డ మరుసటి ఆగస్టులో చనిపోయెను. ఇది తెలిసికొని చదివినప్పుడు ఈ లేఖలోని ప్రతి మాటకు బరువు కలుగును. ఒడ్డున కూర్చుండి ఈతను గూర్చి ప్రసంగించినవాని మాటలు కావివి. నీటిలో నుండి పలికిన మాటలు.

లూథరు చెప్పినదేమి?

పారిపోవువారినందరిని పాపులనియు, నిలుచువారినందరిని పరిశుద్ధులనియు లూథరు చెప్పలేదు. విశ్వాసములో బలవంతులును గలరు, బలహీనులును గలరు; బలవంతుని భారమును బలహీనునిపై మోపరాదు. పేతురు నీళ్లమీద నడిచెను, అదే పేతురు మునుగబోయెను గదా! యాకోబు ఏశావునొద్దనుండి పారిపోయెను. దావీదు సౌలు నెదుటనుండి పారిపోయెను. మరణమునుండి తప్పించుకొనుట స్వభావసిద్ధమనియు, పొరుగువానికి నష్టము లేనియెడల అది నిషేధము కాదనియు ఆయన తీర్మానము.

అయితే పొరుగువానికి నష్టము లేనియెడల అను మాటయే ఈ లేఖకంతటికి ఇరుసు. ఎవరు వెళ్లరాదో ఆయన పేరుపేరున లెక్కించెను. సంఘకాపరి వెళ్లరాదు, తోడేలు వచ్చుట చూచి గొఱ్ఱెలను విడిచిపోవువాడు జీతగాడని ప్రభువు చెప్పెను గదా. పట్టణమును పాలించు అధికారులు వెళ్లరాదు. ఏలయనగా ఏలిక లేని ఊరు దొంగల పాలగును. జీతము పుచ్చుకొను వైద్యులు వెళ్లరాదు. తలిదండ్రులు బిడ్డలను, బిడ్డలు తలిదండ్రులను, యజమానులు పనివారిని, పనివారు యజమానులను విడువరాదు. దిక్కులేని పిల్లల సంరక్షణ భారము వహించినవారు విడువరాదు. ఎవరును లేనిచోట పొరుగువాడే పొరుగువానికి తల్లియు తండ్రియునై యుండవలెను. తగినంతమంది పరిచారకులున్నచోట మాత్రము, తమలో తాము సమాధానపడి కొందరు వెళ్లవచ్చును. దమస్కులో శిష్యులు పౌలును గంపలో దింపి పంపివేసిన సంగతి ఇందుకు ఆయన చూపిన సాక్ష్యము.

అటు తరువాత ఆయన రెండవ గుంపువారివైపు తిరుగును. వారు భయస్థులు కారు, మితిమీరిన ధైర్యవంతులు. మందు పుచ్చుకొనరు, జాగ్రత్తపడరు, దేవుడు కాపాడదలచిన మందు లేకయే కాపాడునందురు. ఇది విశ్వాసము కాదు, దేవుని శోధించుట అని లూథరు వారిని గద్దించెను. మందు వాడుము, ఇల్లును వాకిలిని వీధిని శుద్ధిచేయుము, నీ అవసరము లేని చోట్లకు పోకుము. నీ పొరుగువానికి నీ అవసరమున్న చోటికి మాత్రము వెనుదీయక పొమ్ము అని ఆయన బోధ సారాంశము. జబ్బును దాచిపెట్టి నలుగురిలో తిరుగువాడు నరహంతకునితో సమానుడని గట్టిగా వ్రాసెను.

ఈ లేఖలోని బలము

మొదటిది, ఇందులోని కొలబద్ద. “నీవెంత ధైర్యవంతుడవు?” అని లూథరు అడుగలేదు, “నీ మీద ఎవరు ఆధారపడియున్నారు?” అని అడిగెను. ధైర్యమును కొలుచుట మన చేతిలో లేదు; దానిలో గర్వమునకు చోటున్నది. కాని నా మీద ఆధారపడినవారెవరో వేళ్లమీద లెక్కింపగలను. ఆత్మపరిశీలన యనగా ఏకాంతమున కూర్చుండి తన హృదయపు లోతులను త్రవ్వుకొనుట మాత్రమే యని మనలో కొందరు తలంచుదురు. అట్టి త్రవ్వుడు కొన్నిసార్లు తన్నుగూర్చియే తాను తలంచుకొనుటతో ముగియును. ఈ లేఖ నేర్పు ఆత్మపరిశీలన ఇంటి గడపయొద్ద ప్రారంభమై పొరుగువాని గడపయొద్ద ముగియును.

రెండవది, ఇందులోని ఉపమానము. తెగులును ఆయన అగ్నితో పోల్చెను. కట్టెలకు గడ్డికి బదులుగా అది మనుష్యుల శరీరములను తినివేయుచున్నదనెను. ఇది మన పల్లెలవారికి వివరింప నక్కరలేదు. ఎండకాలమున గాలి విసరునప్పుడు ఒక పూరింటికి నిప్పంటుకొనినయెడల ఎవడైనను “అది ఎవరి ఇల్లు?” అని అడుగునా? కడవలతో పరుగెత్తుదురు, ప్రక్క ఇంటి కప్పును పీకివేయుదురు. “దేవుని చిత్తమైన ఆరును” అని చేతులు కట్టుకొనువానిని ఊరు క్షమింపదు. ప్రార్థనయు నీళ్ల కడవయు ఒకదానికొకటి శత్రువులు కావని ఈ ఉపమానము ఒక్క మాటలో తేల్చినది.

మూడవది, మత్తయి 25వ అధ్యాయమును ఆయన వాడిన తీరు. క్రీస్తుగాని ఆయన తల్లిగాని జబ్బుతో పడియున్నయెడల ప్రతివాడును పరిచారకుడగుటకు పరుగెత్తును. అదే క్రీస్తు పొరుగువానిలో పడియున్నప్పుడు మాత్రము తప్పించుకొనుచున్నామని ఆయన ఎత్తిపొడుపు. భక్తిని గూర్చి మనము చెప్పుకొను గొప్ప మాటలన్నియు ఇక్కడ సూదిమొనతో పొడిచినట్లు గాలి పోగొట్టుకొనును.

ఈ లేఖలోని లోపములు

ఇంత మేలైన లేఖలోను మనము సరిదిద్దుకొని చదువవలసిన సంగతులున్నవి.

తెగులు దురాత్మల విషపు ఊపిరివలన వచ్చుననియు, అది దేవుని శిక్షయనియు ఆయన కాలమువారందరివలెనే ఆయనయు నమ్మెను. ఆ వ్యాధి క్రిమిని 1894లో హాంకాంగులో యెర్సిన్ అను వైద్యుడు కనుగొనెను. అది ఎలుకలమీద బ్రతికెడు చిన్న పురుగు కాటువలన మనుష్యులకు వచ్చునని 1898లో కరాచీలో సీమో అను వైద్యుడు చూపెను. కాబట్టి ఆ విషయమున లూథరును నిందించుట న్యాయము కాదు. అయినను శిక్ష అను మాటను పడకమీద నున్న రోగికి అంటగట్టుట వేరొక సంగతి. సిలోయములో గోపురము కూలి చనిపోయినవారు ఇతరులకంటె పాపులు కారని ప్రభువే లూకా 13లో స్పష్టపరచెను. వారిని చూచి మీరు మీ హృదయములను పరీక్షించుకొనుడని వినువారివైపు వ్రేలు త్రిప్పెను. ఆపద చచ్చినవాని పాపమును కొలుచు త్రాసు కాదు. బ్రతికియున్నవానిని మారుమనస్సునకు పిలుచు గంట. లూథరు లేఖను ఈ వాక్యము ప్రక్కనుంచుకొని చదువవలెను.

రెండవ లోపము ఇంకను గంభీరమైనది. కొందరు బుద్ధిపూర్వకముగా తెగులును ఇతరులకంటించుచున్నారను వదంతిని లూథరు విని, అది నిజమైనయెడల అట్టివారిని తలారికప్పగింపవలెనని వ్రాసెను. నిజమైనయెడల అని ఆయన అనుమాట నిజమే. కాని తెగులు కాలములో వదంతికి సాక్ష్యము అక్కరలేదు. అది గాలిలో నిప్పురవ్వవంటిది. ఆయనకు రెండు వందల యేండ్లకు కొంచెము తక్కువగా ముందు, 1349లో, యూదులు బావులలో విషము కలిపిరను నిందతో స్ట్రాస్‌బర్గు పట్టణమున అనేకమంది యూదులను కాల్చి చంపిరి. అట్టి చరిత్రయున్న ప్రాంతములో ఒక గొప్ప బోధకుడు వదంతిని గూర్చి ఇంకను జాగ్రత్తగా వ్రాయవలసియుండెను. ఈ లూథరే 1543లో యూదులను గూర్చి క్రూరమైన గ్రంథమొకటి వ్రాసెను. లూథరన్ సంఘములే తరువాతి కాలమున దానిని బహిరంగముగా త్రోసిపుచ్చినవి. విట్టెన్‌బర్గులో పొరుగువాడెవడో అంత బాగుగా చూపినవాడు, తన మతమువాడు కానివాని విషయములో ఆ దీపమునే ఆర్పివేసెను. ఇది ఆయనను అవమానించుటకు వ్రాయుటలేదు. పొరుగువాడను మాటకు గోడ కట్టుకొనుట ఎంత సులభమో మనము చూడవలెనని వ్రాయుచున్నాను.

మూడవది, బీదవానిని గూర్చి ఈ లేఖలో రావలసినంత చర్చ లేదు. పారిపోవచ్చునా అను ప్రశ్న బండియు, వేరొక ఊరిలో చుట్టములును, సంచిలో రూకలును గలవాని ప్రశ్న. అవి లేనివానికి ఆ ప్రశ్నయే పుట్టదు. ప్రజల సొమ్ముతో వైద్యశాలలు కట్టవలెనని లూథరు చెప్పుట మెచ్చదగినదే. కాని వెళ్లలేనివాని పక్షముగా ఇంకొక నాలుగు మాటలు చెప్పియుండవలసినది.

లేఖ కడపటి భాగము కొంత అతికించినట్లు కనబడును. శ్మశానము ఊరి వెలుపల నిశ్శబ్దమైన స్థలమందుండవలెననియు, చావునకు ముందుగానే సిద్ధపడవలెననియు అందులో వ్రాయబడినది. రోగికి తెలివి తప్పిన తరువాత కాపరికి కబురు పంపువారిని ఆయన మందలించెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట మన పల్లెలలో నేటికిని జరుగుచున్నదే గనుక, అతుకైనను అది పనికివచ్చు అతుకు.

మన సంఘములు నేర్చుకొనవలసినది

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ విధింపబడిన దినములు మీకు జ్ఞాపకమున్నవి. అనేక గ్రామములవారు దారులకు అడ్డముగా కంప వేసికొనిరి. పట్టణములలో కూలికి పోయిన మన బిడ్డలు నెత్తిన మూటలతో, చంకన పసిపిల్లలతో వందల మైళ్లు నడిచిరి. ఢిల్లీలో జరిగిన యొక మత సమావేశము తరువాత ఆ మతమువారందరిమీద నింద మోపబడెను. పండ్లమ్ముకొను బీదవానిని సహితము వీధిలోనికి రానీయని చోట్లుండెను. చనిపోయినవారిని పాతిపెట్టుటకు స్థలమీయనివారును ఉండిరి. 2021 జనవరి 16న మన దేశములో టీకాలు ప్రారంభమైనప్పుడు, ప్రార్థన చేయువానికి టీకా యేల అని బోధించినవారు మన ప్రసంగ వేదికలమీదను లేకపోలేదు. ఆ సంవత్సరపు వేసవిలో రెండవ అల వచ్చినప్పుడు ఆ బోధ ఎంతటి నష్టము తేగలదో అర్థమైనది. ఐదు వందల యేండ్లనాడు లూథరు గద్దించిన రెండు గుంపులును, భయముచేత పొరుగువానిని విడిచినవారును, గర్వముచేత దేవుని శోధించినవారును, మన కన్నులయెదుటనే నిలిచిరి.

ఇక్కడ ఒక భేదమును మన సంఘములు బాగుగా తెలిసికొనవలెను. దూరము రెండు విధములు. జబ్బు ఇతరులకంటకుండ నిలుచు దూరమొకటి, అది ప్రేమ. జబ్బు పేర మనుష్యుని త్రోసివేయు దూరమొకటి, అది ద్వేషము. మొదటి దూరములో గడప బయటనుండియైనను అన్నము పెట్టుదురు, పేరు పెట్టి పిలిచి కుశలమడుగుదురు, కావలసివచ్చినప్పుడు ముఖమునకు గుడ్డ కట్టుకొని లోపలికి పోవుదురు. రెండవ దూరములో తలుపు మూయుదురు, తరువాత నోరు తెరచి నింద వేయుదురు. ఊరి బావియొద్దకు రానీయబడక, ఊరి వెలుపల గూడెములలో బ్రతికిన తాత ముత్తాతల సంతతివారము మన సంఘములలో అనేకులము. ఆ రెండవ దూరపు చేదు మనకు పుస్తకములలో చదివి నేర్చుకొనవలసినది కాదు. ఆ చేదు నెరిగినవారము ఇతరులకు దానిని త్రాగించినయెడల మన నేరము రెండింతలగును.

మన తెలుగుదేశములోనే మంచి మాదిరియు కలదు. 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలు మిషనరీయైన క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ పనిలో మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. ఆయన బోధకులే పనివారిమీద మేస్త్రీలైరి. పని చేయుచున్నవారు బాప్తిస్మము అడిగినను కరవు కాలమంతయు ఆయన ఇయ్యలేదు. అన్నముకొరకు వచ్చినవారెవరో, ప్రభువుకొరకు వచ్చినవారెవరో తేలవలెనని ఆగెను. కరవు సహాయము ఆగిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. లోకము ఆ సంఖ్యను జ్ఞాపకముంచుకొన్నది. నాకు మాత్రము ఆ సంఖ్యకంటె దానికి ముందు ఆగిన నెలలే గొప్పవిగా తోచును. ఇతరుల ఆపదను తన పనికి లాభముగా మార్చుకొనకుండుట ఆత్మపరిశీలనలో కఠినమైన పాఠము. సహాయము చేయు చేయి కూడ పరీక్షింపబడవలసినదే.

కాబట్టి, ప్రియులారా, ఆపద రాకముందే ఈ ప్రశ్నలను మీ ఇంటి కుటుంబ ప్రార్థనలోను, సంఘపెద్దల కూటములోను అడిగి చూచుకొనుడి:

నా మీద ఆధారపడియున్నవారెవరు? నేను లేనియెడల వారికి అన్నము, మందు, ఆదరణ ఎవరిత్తురు?

మన సంఘములో ఒంటరిగా నుండు వృద్ధులెందరు, విధవరాండ్రెందరు, పడకమీద నున్నవారెందరు? వారి పేర్లు ఎవరియొద్ద వ్రాసియున్నవి?

కష్టము వచ్చినప్పుడు నేను విన్న నిందను పరీక్షింపక రెండవవానికి చెప్పుదునా? ఆ నింద నా కులమువానిమీద పడినయెడల ఊరకుందునా?

నేను జాగ్రత్త యనుచున్నది ప్రేమవలన కలిగినదా, అసహ్యమువలన కలిగినదా? నేను విశ్వాసమనుచున్నది దేవునిమీది ఆనుకొనుటయా, మొండితనమా?

వీటికి ఆపద దినమున జవాబు వెదకినయెడల దొరకదు. తెగులు వచ్చినప్పుడు మనుష్యుడు క్రొత్తగా మంచివాడు కాడు, చెడ్డవాడు కాడు. లోపల ఉన్నదే బయటికి వచ్చును. లూథరు ఆ యేట నిలిచినది ఆ యేట చేసిన తీర్మానమువలన మాత్రమే కాదు. తన మందను ప్రతి ఆదివారము ముఖాముఖిగా ఎరిగియున్నందువలన. పేరెరిగిన గొఱ్ఱెను విడిచిపోవుట కష్టము. పేరెరుగని గొఱ్ఱెను విడుచుట సులభము. కాపరులమైన మేమును, సంఘపెద్దలైన మీరును ఈ సంగతిని మనస్సున నుంచుకొందము.

ఈ లేఖను చదువగలవారు చదువుడి. చదువలేనివారికి చదివి వినిపించుడి. అందలి లోపములను విడువుడి. అందలి ప్రశ్నను మాత్రము విడువకుడి. మంచి కాపరి తోడేలు నెదుటనుండి పారిపోలేదు. ఆయన మందలో గొఱ్ఱెలమైన మనము ఒకరినొకరు విడిచి ఎక్కడికి పోగలము?

ప్రార్థన: ప్రభువా, భయము మమ్మును పట్టుకొన్నప్పుడు మా పొరుగువాని ముఖమును మాకు కనుపరచుము. గర్వము మమ్మును పట్టుకొన్నప్పుడు మేము మట్టియని జ్ఞాపకము చేయుము. మా నోళ్లను నిందనుండియు, మా చేతులను సోమరితనమునుండియు కాపాడుము. ఆమేన్.